క్యూ నిండా లారీలు, ఖాళీగా క్రేన్: ఒక నిమజ్జనం రాత్రి ట్రాఫిక్ కేస్ స్టడీ

నిమజ్జనం రాత్రి పదకొండున్నర. చెరువు కట్ట మీద నిలబడి ఉన్నాను. నా వెనక కిలోమీటరున్నర పొడవునా లారీలు, డీసీఎంలు, ట్రాక్టర్లు, వాటి ముందు తీన్మార్‌కి ఎగురుతున్న పిల్లలు. నా ముందు మూడు క్రేన్లు. వాటిలో రెండు ఊరికే నిలబడి ఉన్నాయి. ఒక ఆపరేటర్ క్యాబిన్‌లో కాళ్ళు చాపుకుని చాయ్ తాగుతున్నాడు.

అంత క్యూ పెట్టుకుని క్రేన్‌కి పని లేకపోవడం ఏంటి? ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

నేను ట్రాఫిక్ ఇంజనీర్ని. మామూలు రోజుల్లో నా పని సిగ్నళ్ళకి టైమింగులు లెక్కకట్టడం, జంక్షన్లకి డ్రాయింగులు గీయడం. పండగ బందోబస్తులు నాకు కొత్త. 2024లో తెలిసినాయన ఒకరు "మా దగ్గర ప్రతిసారీ జామ్ అవుతోంది, ఒకసారి చూసి పెట్టు" అంటే సరే అన్నాను. ఆ చెరువు హైదరాబాద్ శివారు వైపుది. పేరు రాయడం లేదు, ఆ పక్కవాళ్ళు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు. అయినా జరిగిన తప్పుల్లో ఎక్కువ నావే, మిగతావాళ్ళని బజారుకీడ్చడం ఎందుకు.

హైదరాబాద్ నిమజ్జనం అంటే అందరికీ హుస్సేన్ సాగరే గుర్తొస్తుంది. బాలాపూర్‌లో లడ్డూ వేలం అయ్యాక (1994లో 450 రూపాయలతో మొదలైన వేలం అది, ఇప్పుడు లక్షల్లో ఉంది) బయల్దేరే ఊరేగింపు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్, అఫ్జల్‌గంజ్, మోజంజాహీ మార్కెట్, అబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీ మీదుగా దాదాపు 20 కిలోమీటర్లు నడిచి సాగర్ చేరాలి. దారిలో ప్రతి కూడలిలోనూ ఒక కొత్త పాయ వచ్చి కలుస్తుంది. అక్కడ పోలీసులు వేలల్లో ఉంటారు, ఎన్టీఆర్ మార్గ్ పొడవునా క్రేన్లు వరసగా ఉంటాయి, ఎవరు ఎప్పుడు రావాలో ఏళ్ళ తరబడి నేర్చుకున్న పద్ధతి ఉంటుంది. ఖైరతాబాద్ గణపతినే చూడండి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై 2024లో 70 అడుగులకి వెళ్ళింది. అంత విగ్రహం ఒకప్పుడు చివర్లో, మర్నాడు నీళ్ళలోకి వెళ్ళేది. ఇప్పుడు పొద్దున్నే బయల్దేరదీసి మధ్యాహ్నానికి ముగించేస్తున్నారు. దాన్ని మోస్తూ నడక వేగంతో కదిలే టస్కర్ (భారీ ట్రైలర్ లారీ) సాయంత్రం జనంలో ఇరుక్కుంటే మొత్తం నగరం దాని వెనకే ఆగిపోతుంది. నా లెక్కలో ఈ వరస మార్పు ఒక ఫ్లైఓవర్ కట్టినంత పని చేసింది. ఇంకో ఉదాహరణ 2023ది. ఆ ఏడాది సెప్టెంబర్ 28న నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు వచ్చాయి. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపుని అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. తర్వాతి ఏడాది కూడా అలాగే సెప్టెంబర్ 19కి మార్చుకున్నారు. ట్రాఫిక్ ఇంజనీర్లు వందమంది కూర్చున్నా అంత మేలు చేయలేరు.

మా చెరువుకి అంత సీన్ లేదు. ఒక మెయిన్ జంక్షన్, అక్కడి నుంచి చెరువు దాకా 1.2 కిలోమీటర్ల రోడ్డు, కట్ట మీద మూడు క్రేన్లు, వెనక వైపు కాలనీలోంచి బయటపడే 20 అడుగుల సందు. అంతే. కానీ ఆ జంక్షన్ ఆగిందంటే ఊరికి ఆ వైపు రాకపోకలన్నీ ఆగిపోతాయి. బస్సులు, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, డ్యూటీ దిగి ఇంటికెళ్ళేవాళ్ళు అందరికీ అదే దారి.

2024లో నా ప్లాన్ కాగితం మీద చక్కగా ఉంది. విగ్రహాలతో వచ్చే బండ్లు మెయిన్ రోడ్డు మీదుగా లోపలికి, ఖాళీ బండ్లు వెనక సందులోంచి బయటికి. గుండ్రంగా తిరిగే వన్‌వే. ఎదురెదురు పడే ప్రశ్నే లేదు. మీటింగ్‌లో అందరూ తలలూపారు. ఆ సందులో బండి తిరుగుతుందా అని ఎవరో అడిగితే నేను నా కారు వేసుకుని వెళ్ళి చూసొచ్చాను. కారు బ్రహ్మాండంగా తిరిగింది.

ఇంక ఆ రాత్రి ఏం జరిగిందంటే. సాయంత్రం ఏడింటికల్లా సందుకి రెండు వైపులా చూడ్డానికొచ్చినవాళ్ళ టూవీలర్లు వరసగా పార్క్ అయిపోయాయి. ఎనిమిది ప్రాంతంలో ఒక ఖాళీ టిప్పర్ ఆ సందులో మలుపు దగ్గర, ఒక పక్క కరెంటు స్తంభం, ఇంకో పక్క ఒకరి ఇంటి అరుగు మధ్య, తిరగలేక ఆగింది. దాని వెనక ఇంకో నాలుగు. చివరికి అందరూ కిందా మీదా పడి రివర్స్‌లో మళ్ళీ కట్ట మీదకే తెచ్చారు. ఇంక ఖాళీ బండ్లకి మిగిలిన దారి ఒకటే, వచ్చిన దారి. మెయిన్ రోడ్డులో ఎదురుగా వెళ్ళడం మొదలుపెట్టారు. సగం రోడ్డు వాళ్ళకి పోయింది, మిగతా సగంలో విగ్రహాల బండ్లు ఒకదాన్నొకటి దాటలేక నిలబడ్డాయి. క్రేన్ దగ్గర బండి ఖాళీ అవుతోంది, కానీ దాని చోటులోకి రావాల్సిన బండికీ క్రేన్‌కీ మధ్య ఇంకో ఖాళీ లారీ అడ్డంగా ఉంది. అందుకే ఆపరేటర్ చాయ్ తాగుతున్నాడు.

ఇది నాకు అర్థం కావడానికి మూడు గంటలు పట్టింది. ఎందుకంటే అంతసేపూ నేను జంక్షన్ దగ్గర ఉన్నాను. జామ్ ఎక్కడ కనపడితే అక్కడికి పరుగెత్తడం మా వృత్తిలో పాత జబ్బు. హారన్లు అక్కడే మోగుతాయి, ఫోన్లు అక్కడి గురించే వస్తాయి, కాబట్టి అక్కడే బారికేడ్లు అటూ ఇటూ జరుపుతూ ఏదో చేస్తున్నట్టు ఉంటాం. జంక్షన్ దగ్గర మేం చేసిందల్లా తోకని సర్దడం. తల కట్ట మీద ఇరుక్కుని ఉంది.

పదకొండున్నరకి కట్ట మీదకి వెళ్ళాక సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక క్రేన్ పక్కన కూర్చున్నాను. బండి క్రేన్ కిందకి వచ్చి ఆగిన దగ్గర్నుంచి ఖాళీగా కదిలేదాకా సుమారు 10 నిమిషాలు పడుతోంది. కొన్ని 15 కూడా. అందులో క్రేన్ నిజంగా విగ్రహాన్ని లేపి, తిప్పి, నీళ్ళలోకి దించి, కొక్కెం వెనక్కి తెచ్చుకునేది రెండు మూడు నిమిషాలే. మిగతాదంతా ఏమవుతోందో ఆ చాయ్ తాగే ఆపరేటర్నే అడిగాను. ఆయన చెప్పింది ఇంచుమించు ఇదే: "నేను లేపుడు రెండు నిమిషాల పని సార్. బెల్టు కట్టుడు, పూలు తీసుడు, హారతి ఇచ్చుడు, ఫోటోలు దిగుడు, ఏడ్చుడు, గివన్నీ గీడనే గదా."

నేను ఆఫీసులో మూడు వారాలు కూర్చుని గీసిన డ్రాయింగ్‌లో ఈ ఐదు పనుల్లో ఒక్కటి కూడా లేదు. ఏడవడం అన్న మాట దగ్గర నేను నవ్వబోయి ఆగాను. పదకొండు రోజులు ఇంట్లో మనిషిలా చూసుకున్న దేవుణ్ణి పంపించేటప్పుడు పిల్లలు నిజంగానే ఏడుస్తున్నారు. వాళ్ళని "కదలండి కదలండి" అని తోసేయడం నాకైతే చేతకాదు, చేయకూడదు కూడా.

మర్నాడు నిద్రపోయి లేచాక లెక్క కట్టాను. లెక్క చిన్నదే, ముందే కట్టి ఉండాల్సింది. బండికి 10 నిమిషాలు అంటే ఒక క్రేన్‌కి గంటకి 6, మూడు క్రేన్లకీ 18. అదీ ఒక్క నిమిషం కూడా ఖాళీ లేకుండా పనిచేస్తే. సాయంత్రం ఆరు నుంచి పది దాకా జంక్షన్ దాటి లోపలికి వచ్చే విగ్రహాలు గంటకి 40 అనుకోండి. అంటే గంటగంటకీ 22 మిగిలిపోతున్నాయి. అవి రోడ్డు మీదే నిలబడాలి. ఎంత చోటు కావాలి? మా పుస్తకాల్లో ప్రతి వాహనానికీ కారుతో పోల్చి పీసీయూ అని ఒక విలువ ఇస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పట్టికలో లారీకీ ట్రాక్టర్‌కీ సరే, జట్కాకీ తోపుడుబండికీ కూడా విలువ ఉంది. కానీ ముందు యాభైమంది ఆడుతున్న లారీకి ఏ పట్టికలోనూ లేదు. నా కొలతలో బండి, దాని ముందు డప్పులు, ఆడేవాళ్ళు, వెనక నడిచే ఆడవాళ్ళు అంతా కలిపి 25 నుంచి 30 మీటర్లు. 1.2 కిలోమీటర్ల రోడ్డులో 40 పడతాయి, గట్టిగా నెడితే ఇంకో రెండు మూడు. గంటకి 22 చొప్పున మిగిలితే రెండు గంటల్లోపే రోడ్డు నిండి, తోక జంక్షన్‌లోకి వస్తుంది. ఆరింటికి మొదలైతే ఎనిమిదింటికి జంక్షన్ బంద్. ఆ రాత్రి సరిగ్గా అదే టైమ్‌కి బంద్ అయింది.

రోడ్డు వెడల్పు చేయాలి అని ప్రతి ఏడాదీ పేపర్‌లో వస్తుంది. ఆ రోడ్డుని రెండింతలు వెడల్పు చేసినా క్రేన్లు గంటకి 18 మాత్రమే దించుతాయి. జంక్షన్ ఎనిమిదికి బదులు పదింటికి ఆగేది, అంతే తేడా.

2025లో మళ్ళీ పిలిచారు. (పిలుస్తారనుకోలేదు.) ఈసారి చెరువు నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చాం.

మొదటిది, క్రేన్ కింద పని తగ్గించడం. కట్టకి వంద మీటర్ల ముందు ఒక చోటు పెట్టి పూలు, పత్రి, బట్టలు, కర్రలు అక్కడే తీసేయించాం. బెల్టులు కూడా అక్కడే కట్టేయాలనుకున్నాం. క్రేన్‌కి రెండు సెట్లు ఉంటే ఒకటి గాల్లో ఉండగా రెండోది వెనక బండిలో సిద్ధమవుతుంది. ఇక్కడ ఆపరేటర్లు అడ్డం తిరిగారు, "వేరేటోడు కట్టిన బెల్టు మేం లేపం" అన్నారు. వాళ్ళ మాట నూటికి నూరుపాళ్ళు కరెక్టు. బెల్టు జారితే కింద ఉన్న మనిషి పోతాడు, కేసు ఆపరేటర్ మీద పడుతుంది. అందుకని ఏ క్రేన్‌కి ఆ క్రేన్ హెల్పర్నే ముందు చోటుకి పంపాం. తన మనిషి కట్టింది తను లేపుతాడు. చేత్తో మోయగలిగిన చిన్న విగ్రహాల్ని, ఆటోల్లో వచ్చేవాటిని అసలు క్రేన్ల వైపు రానివ్వలేదు, వాటిని పక్కన కట్టిన బేబీ పాండ్‌కి (చిన్న నిమజ్జనం కొలనుకి) మళ్ళించాం. వీటితో క్రేన్ కింద టైమ్ 10 నుంచి నాలుగైదు నిమిషాలకి దిగింది. గంటకి 18 కాస్తా 36 దగ్గరికొచ్చింది, ఒక్క క్రేన్ కూడా అదనంగా తేకుండా.

హారతి సంగతి అంత తేలిగ్గా తెగలేదు. జంక్షన్‌కి ఇవతల, ఊరి వైపు, ఒక ఫంక్షన్ హాల్ గ్రౌండ్ ఉంది. బండ్లన్నీ ముందు అందులోకి వచ్చి, వంతు వచ్చేదాకా అక్కడే ఉండాలని మా ఆలోచన. కమిటీల మీటింగ్‌లో "హోల్డింగ్ ఏరియా" అని పలికానో లేదో ఒక పెద్దాయన లేచి "ఏంది సార్, మా గణపయ్యను పార్కింగ్‌ల పెడ్తరా?" అన్నారు. మీటింగ్ ఆ రోజుకి అయిపోయింది. మర్నాడు ఒక కుర్ర వలంటీర్ దాని పేరు "హారతి గ్రౌండ్" అని మార్చాడు, లైట్లు, మంచినీళ్ళు, అన్నప్రసాదం పెట్టించాడు, ఆఖరి హారతి, ఫోటోలు అక్కడే అని చెప్పాడు. అదే గ్రౌండ్, అవే బారికేడ్లు. ఈసారి ఆ పెద్దాయనే ముందుకొచ్చి మిగతా కమిటీలకి నచ్చజెప్పారు. విశాలమైన చోట ఆడుకోవచ్చు, పిల్లలు లారీల కింద పడతారన్న భయం లేదు, వాళ్ళకీ అదే బాగుంది.

తర్వాత అసలు కిటుకు. జంక్షన్‌కీ చెరువుకీ మధ్య ఒకేసారి 40 బండ్లకి మించి ఉండకూడదు. 30 దగ్గరే ఆపితే మంచిదనుకున్నాం. ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది? వాట్సాప్ గ్రూపు అన్నారు కొందరు. ముందు ఏడాది అంత జనంలో ఫోన్లు మూగబోవడం నేను చూశాను, కాల్ వెళ్ళదు, మెసేజ్ గంట తర్వాత వస్తుంది. అప్పుడు రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక బంధువు సింగిల్ లైన్ టోకెన్ గురించి చెప్పాడు. ఒకే పట్టా ఉన్నచోట డ్రైవర్ చేతికి టోకెన్ అందితేనే రైలు కదులుతుంది, అవతలి స్టేషన్‌లో దాన్ని అప్పగిస్తేనే ఇంకో రైలుకి దారి. నీల్స్ బాల్ టోకెన్ అని ఇనుప బంతులు ఉండేవి. మేం 30 చెక్క బిళ్ళలు చేయించి, కాషాయం రంగు వేయించి నంబర్లు రాయించాం. గ్రౌండ్ గేటు దగ్గర బిళ్ళ తీసుకున్న లారీయే జంక్షన్ దాటుతుంది. విగ్రహం దించి వెనక సందులోంచి బయటపడేటప్పుడు బిళ్ళ ఇచ్చేయాలి. ఇద్దరు కుర్రాళ్ళు బైకుల మీద కాలనీ రోడ్ల వెంట ఆ బిళ్ళల్ని మళ్ళీ గ్రౌండ్‌కి చేరుస్తారు. బిళ్ళ తిరిగి రాకపోతే కొత్త బండి కదలదు. కట్ట మీద ఏ కారణంతో పని ఆగినా, ఎవరూ ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేకుండా, గేటు దానంతటదే ఆగిపోతుంది. ఇందులో నాకు నచ్చింది ఇంకోటి ఉంది. ఖాళీ బండి బయటపడటం అనేది అంతదాకా ఎవరికీ పట్టని పని, బిళ్ళ వల్ల ఇప్పుడు గ్రౌండ్‌లో ఎదురుచూసే ప్రతి కమిటీకీ అది సొంత పని అయింది. "బిళ్ళలు వస్తున్నాయా?" అని వాళ్ళే మనుషుల్ని పంపి సందు ఖాళీ చేయించారు.

సందు గురించి కూడా రాయాలి. ముందు రోజు ఖాళీ టిప్పర్ని తెచ్చి ఆ మలుపులో తిప్పి చూశాం. తిరగలేదు. అందుకని టిప్పర్లకీ పొడుగు లారీలకీ కట్ట చివర తిప్పుకోవడానికి మొరం పోయించి ఒక చోటు చేసి, సందులో ఎదురు గోడ పక్కన మట్టి కుప్ప తీయించాం. అప్పుడు తిరిగింది. టూవీలర్లకి వేరే చోట పార్కింగ్ చూపించి, సందు రెండు కొనల్లో తాడు కట్టించాం.

2025 సెప్టెంబర్ 6 శనివారం. మర్నాడు రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. ఆదివారం మధ్యాహ్నంలోపే ముగించాలని అందరికీ తొందర, మామూలుగా తెల్లవారుజామున వచ్చే కమిటీలు కూడా శనివారం సాయంత్రానికే దిగాయి. నాకైతే ఒకటే టెన్షన్. గ్రౌండ్ తొమ్మిదికల్లా నిండిపోయి, దాని వెనక సర్వీస్ రోడ్డు మీదకి క్యూ వచ్చింది. జంక్షన్ మాత్రం ఆగలేదు, నెమ్మదించింది గానీ బస్సులు కదిలాయి.

పదింటికి ఒక అంబులెన్స్ వచ్చింది. జనం దారి ఇవ్వరేమోనని మేం భయపడ్డాం గానీ డప్పులు ఆగిపోయి, అరనిమిషంలో రోడ్డు మధ్యలో చీలిపోయింది. ముందు ఏడాది కూడా జనం ఇలాగే తప్పుకున్నారు, కానీ ఎదురెదురుగా నిలబడ్డ రెండు లారీలు ఎటు తప్పుకుంటాయి? ఆ అంబులెన్స్ వెనక్కి తిరిగి చుట్టూ వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి ఒక పక్క ఖాళీగా ఉంది, వెళ్ళిపోయింది.

అన్నీ బాగా జరిగాయని కాదు. ఒక కమిటీ కాగితం మీద రాసిన ఎత్తుకంటే మూడడుగులు ఎక్కువ విగ్రహంతో వచ్చింది, కేబుల్ వైర్లకి కిరీటం తగిలి దాదాపు 40 నిమిషాలు రోడ్డు మొత్తం నిలిచిపోయింది. గేటు దగ్గర కొలకర్ర ఒకటి నిలబెట్టి ఉంటే అక్కడే తెలిసేది, నాకు తట్టలేదు. రెండు బిళ్ళలు పోయాయి (ఒకటి ఎవరో పిల్లాడు గుర్తుగా ఇంటికి తీసుకుపోయాడట, ఇంకోటి చెరువులో పడింది). కొత్త బిళ్ళ ఇవ్వాలా వద్దా అని గేటు దగ్గర పావుగంట గొడవ. ఒక రాజకీయ నాయకుడి మనుషులు బిళ్ళ లేకుండా వెళ్తామని పట్టుబట్టారు. వాళ్ళని ఆపింది మేం కాదు, గంట నుంచి నిలబడి ఉన్న మిగతా కమిటీల పిల్లలు.

రాత్రి రెండున్నరకి బిళ్ళలు రావడం మళ్ళీ నెమ్మదించింది. ఈసారి జంక్షన్‌కి పోకుండా నేరుగా సందు చివరికి వెళ్ళాను. తాడు కట్టిన చోట సరిగ్గా సందు మూతికే ఒక మిరపకాయ బజ్జీల బండి వెలిసింది. దాని చుట్టూ మా వలంటీర్లు, ఇద్దరు లారీ డ్రైవర్లు, బిళ్ళలు మోసే బైకు కుర్రాళ్ళు. జేబుల్లో ఆరు బిళ్ళలున్నాయి. తిడదామనే వెళ్ళాను. అప్పుడు గుర్తొచ్చింది, మధ్యాహ్నం నుంచి వాళ్ళకి తిండి పెట్టించాల్సిన పని నా లిస్టులో ఎక్కడా లేదని. నేనూ రెండు బజ్జీలు తిని, ఆ తర్వాత బండిని నలుగురం కలిసి పది గజాలు పక్కకి తోశాం.